క్యాంపులో మీకిచ్చే ఐదు రౌండ్లు ఒకేచోట పడాలంటే ఎట్టా ప్రాక్టీస్ చెయ్యాలి

ఎన్‌సీసీలో ఎందుకు చేరతావ్ రా అని ఎనిమిదో క్లాసు పిల్లోడిని అడగండి, మొదట నోట్లోంచి వచ్చే మాట ఫైరింగ్ సార్ అనే. తీరా క్యాంపుకి పోయి పది రోజులు ఎండలో నిలబడి, ఒక పొద్దున వాడి వంతు వచ్చి ఐదు రౌండ్లు, అంటే ఐదు తూటాలు, కాల్చి టార్గెట్ పేపర్ చూస్తే రెండు బొక్కలుంటాయి, మిగతా మూడు ఎటు పోయాయో తెలీదు, ఇంక మళ్ళీ ఏడాది దాకా రైఫిల్ ముట్టుకునే పని లేదు. ఆ పేపర్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చే పిల్లల మొహాలు చూసి చూసి ఇది రాస్తుండా. నేను కందుకూరు దగ్గర ఒక హైస్కూల్లో ఏఎన్‌ఓగా, అంటే ఎన్‌సీసీ చూసుకునే టీచరుగా, చేస్తున్నా, అంతకుముందు నేనూ క్యాడెట్‌నే, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పిల్లల్ని చానా క్యాంపులకి తీసకపోయినోడిని.

ముందే ఒక మాట చెప్తా, మిగతాదంతా దాని చుట్టూనే. ఫైరింగ్ నేర్చుకునేది రేంజ్‌లో కాదు, ఇంటికాడ. రేంజ్‌లో మీకు దొరికేది ఐదు నిమిషాలు, అక్కడ నేర్చుకునే టైమ్ ఉండదు, వచ్చిన పని చెయ్యడమే. కాబట్టి క్యాంపుకి నెల ముందు నుంచి తూటా లేకుండా చేసే ప్రాక్టీస్ ఏదైతే ఉందో అదే అసలు ట్రైనింగ్.

ముందు మీరు కాల్చబోయేది ఏందో తెలుసుకోండి

క్యాడెట్లకి ఇచ్చేది .22 రైఫిల్, పాయింట్ టూ టూ అంటాం. ఆ .22 అనేది బ్యారెల్, అంటే తూటా బయటికి పోయే గొట్టం, దాని లోపలి వెడల్పు, అంగుళంలో వందకి 22 వంతులు అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. రైఫిల్ బరువు 3 కిలోలకి కొంచెం తక్కువ. బుల్లెట్ బరువు రెండున్నర గ్రాములకి కాస్త పైన, అంతే. మనం కాల్చేది 25 గజాల దూరంలో, క్రికెట్ పిచ్ 22 గజాలు కదా, దానికంటే మూడు గజాలు ఎక్కువ, అంతే దూరం. అంత దగ్గరే కదా అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ చిన్న తూటాకి అడ్డం లేకపోతే కిలోమీటరు దాటి పోద్ది. అందుకే టార్గెట్ల వెనక ఎత్తుగా మట్టి కట్ట ఉంటది, దాన్ని బట్ అంటాం, ఎర్ర జెండా ఎగరేస్తారు, ఫైరింగ్ మొదలుపెట్టే ముందు కట్ట వెనక సర్కారు తుమ్మ చెట్లలో మేకలు కాసుకునేవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో మనిషిని పంపి చూపిస్తారు. మన వైపు ఇది ఊరికే చేసే లాంఛనం కాదు, పొద్దున్నే జీవాల్ని తోలుకుని యాడి నుంచో వస్తానే ఉంటారు.

మొదట్లో మీ చేత చేయించేది గ్రూపింగ్ ఫైరింగ్. అంటే ఐదు రౌండ్లూ ఒకే పాయింట్ మీద గురి పెట్టి కాల్చాలి, ఆ ఐదు బొక్కలు ఎంత దగ్గర దగ్గరగా పడితే అంత మంచి ఫైరర్. మధ్యలో నల్ల చుక్కకి తగిలిందా లేదా అనేది ఇక్కడ లెక్కలోకి రాదు. పిల్లలకి ఇది చెప్పినా ఎక్కదు, బుల్ (ఆ నల్ల చుక్క) కొట్టాలి బుల్ కొట్టాలి అంటారు, ఒక రౌండు కిందపడిందని తెలిస్తే రెండోది పైకి, మూడోది పక్కకి జరిపి గురి పెడతారు, చివరికి పేపర్ అంతా చిల్లులే. ఐదూ ఎడమ పక్క పైన ఒక రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయనుకోండి, మీరు బ్రహ్మాండంగా కాల్చినట్టు, పక్కకి పోవడం రైఫిల్ సైట్ల, అంటే గురి చూసుకునే గుర్తుల, తప్పు, అది సరిచెయ్యడం పీఐ స్టాఫ్ (ట్రైనింగ్ ఇచ్చే ఆర్మీవాళ్ళు) పని. ఒకే పని ఐదుసార్లు అదే విధంగా చెయ్యడం మాత్రమే మీ పని.

సేఫ్టీ, ఇది రానోళ్ళకి రైఫిల్ ఇవ్వను

రైఫిల్ ఎవరి చేతి నుంచి మీ చేతికి వచ్చినా, వాళ్ళు ఖాళీనే అని ఒట్టేసి చెప్పినా సరే, మజిల్ (గొట్టం మూతి) టార్గెట్ వైపు పెట్టి బోల్ట్ (వెనక ఉండే గడియ) తెరిచి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) లోపల కంటితో చూడాలి. మీ చేతి నుంచి ఇంకొకరికి పోయేటప్పుడు కూడా అంతే. ఖాళీ రైఫిల్ అయినా మనిషి వైపు తిప్పకూడదు, సరదాకి కూడా, ఫోటోకి కూడా. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, బ్యారెల్ వెంబడి చాపి ఉండాలి, గురి కుదిరి కాల్చే క్షణం దాకా లోపలికి పోకూడదు. ఈ మూడూ అలవాటు కావాలంటే స్కూల్లో డ్రిల్‌కి వాడే డీపీ రైఫిల్‌తోనే మొదలుపెట్టండి, అది పేలదని తెలిసినా పేలే రైఫిల్‌తో ఎట్టా ఉంటామో అట్టానే ఉండాలి. డీపీ రైఫిల్ పట్టుకుని పక్కోడి వీపుకి ఆనించి నవ్వే పిల్లోడు రేపు రేంజ్‌లో భయం లేకుండా అదే చేస్తాడు.

ఇంకో విషయం, ఉదయగిరి, వెలిగొండ కొండల వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకి ప్రత్యేకంగా చెప్తా. అడవిపందుల పేరు చెప్పి నాటు తుపాకులు దాచిపెట్టుకునేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. నాకు ఎన్‌సీసీలో ఫైరింగ్ వచ్చు కదా అని దాని మీద చెయ్యి వెయ్యొద్దు. అది ఎప్పుడు పేలుద్దో చేసినోడికే తెలీదు, బ్యారెల్ పగిలి కళ్ళు పోతాయి, లైసెన్సు లేని తుపాకి దగ్గర పెట్టుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద జైలుకి పంపే నేరం. కనిపిస్తే పెద్దవాళ్ళకి చెప్పి అక్కడి నుంచి పక్కకి వచ్చేయండి.

మీ కన్ను ఏదో తేల్చుకోండి

ఇది ఒక్క నిమిషం పని, కానీ ఎక్కువమంది చెయ్యరు. రెండు చేతులు ముందుకి చాపి బొటనవేళ్ళు చూపుడువేళ్ళు కలిపి మధ్యలో చిన్న త్రికోణం లాగా సందు పెట్టండి, రెండు కళ్ళూ తెరిచి ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారమో తాటిచెట్టో చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. చెట్టు అట్టానే కనిపిస్తే మీది కుడి కన్ను, చెట్టు మాయమైతే మీది ఎడమ కన్ను.

మా స్కూల్లో ఒకమ్మాయి రెండేళ్ళు వరసగా ఫైరింగ్‌లో ఏమీ కొట్టలేక, నాకిది రాదులే సార్ అని వదిలేసింది. క్రమశిక్షణ ఉన్న పిల్ల, ఊపిరి బాగా పట్టేది, చెయ్యి వణకదు, నాకు అర్థం కాలా. ఒకరోజు గ్రౌండ్‌లో ఊరికే ఈ పరీక్ష చేయిస్తే ఎడమ కన్ను. కుడి భుజానికి రైఫిల్ పెట్టి, తెలీకుండానే మెడ వంచి ఎడమ కంటితో చూసే ప్రయత్నం చేస్తుందన్నమాట, అట్టా చూస్తే సైట్ ఎప్పటికీ కుదరదు. ఆ తర్వాత ఎడమ కంటి ముందు కళ్ళజోడుకి చిన్న పేపర్ ముక్క అంటించి, కుడి కంటితో చూడ్డం అలవాటు చేశాం, మూడు వారాలు పట్టింది. రెండేళ్ళు ఆ పిల్లది తప్పనుకున్నా, తప్పు నాది, మొదటిరోజే చూడాల్సింది. బోల్ట్ కుడి పక్కన ఉంటది కాబట్టి ఎడమ భుజం మీద కాల్చడం ఇబ్బందే, కానీ కుడి కంటికి అలవాటు కాకపోతే పీఐ స్టాఫ్‌కి చెప్పండి, సిగ్గుపడొద్దు.

పడుకునే పొజిషన్

క్యాడెట్లు ఎక్కువగా కాల్చేది లేట్ పొజిషన్‌లోనే, అంటే బోర్లా పడుకుని. ఇంట్లో చాప మీద చెయ్యొచ్చు, రైఫిల్ బదులు ఒక బూజు కర్రకి చివర రెండు కిలోల ఇసుక సంచి కట్టుకోండి చాలు.

టార్గెట్‌కి తిన్నగా కాకుండా, ఒళ్ళు కొంచెం ఎడమ పక్కకి ఏటవాలుగా ఉండాలి. కాళ్ళు దూరంగా, మడమలు నేలకి ఆనాలి, చానామంది మడమలు పైకి లేపి పెడతారు, అట్టా ఉంటే ఊపిరి తీసినప్పుడల్లా ఒళ్ళంతా ఊగుద్ది. ఎడమ మోచెయ్యి రైఫిల్ కిందకి వీలైనంత దగ్గరగా రావాలి, కర్ర బరువు ఆ ముంజేతి ఎముక మీద నిలబడాలి గానీ కండ మీద కాదు. కండ అలసిపోద్ది, ఎముక అలసిపోదు. ఎడమ అరచేతిలో రైఫిల్ ఊరికే పడుకుని ఉండాలి, గట్టిగా పిసకొద్దు. రైఫిల్ వెనక చివర, దాన్ని కూడా బట్ అనే అంటాం, అది భుజం గుంటలో, కాలర్ ఎముకకి పక్కన మెత్తగా ఉండే చోట, గట్టిగా ఆనించాలి. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, ఇది చానా ముఖ్యం, చెంప ఒక అర అంగుళం జరిగినా కన్ను జరిగినట్టే, కన్ను జరిగితే బొక్క జరుగుద్ది.

ఇప్పుడు అసలు కిటుకు. గురి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్ళు తెరవండి. ఫోర్‌సైట్ (రైఫిల్ ముందు చివర ఉండే సైట్) ఇంకా టార్గెట్ మీదే ఉంటే మీ పొజిషన్ సరిగ్గా ఉంది. పక్కకి పోయుంటే చేతులతో లాగి తీసుకురావద్దు. ఎడమ మోచేతిని మేకులాగా అక్కడే ఉంచి, పొట్ట, నడుము జరిపి ఒళ్ళు మొత్తాన్ని తిప్పండి, మళ్ళీ కళ్ళు మూసి చూడండి. చేతులతో బలవంతంగా లాగిన గురి, ట్రిగ్గర్ నొక్కే టైమ్‌కి కండ వదలగానే మళ్ళీ పాత చోటికే పోద్ది.

రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు ఈ పొజిషన్‌లో ఉండండి. మొదటి మూడు రోజులు మోచెయ్యి మంటపుడుద్ది, మెడ పట్టేస్తది, తర్వాత సర్దుకుంటది.

గురి, అంటే ఏం చూడాలి

రైఫిల్ మీద వెనక ఒక సైట్, ముందు ఒక సైట్. వెనకది యూ ఆకారం గాడి అయితే ముందు సైట్ కొన ఆ గాడి మధ్యలో, పై అంచులు సమానంగా రావాలి. వెనకది రంధ్రం అయితే ముందు సైట్ కొన ఆ రంధ్రం నడిమధ్యకి రావాలి. ఆ కుదిరిన సైట్లని పీఐ స్టాఫ్ చూపించిన పాయింట్ కింద ఆనించాలి, ఎక్కువగా నల్ల చుక్క అడుగు అంచు చూపిస్తారు.

లెక్క వేసి చూపిస్తా, అప్పుడు నమ్ముతారు. రెండు సైట్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. 25 గజాలంటే 23 మీటర్లకి కొంచెం తక్కువ, అంటే ఆ దూరానికి 38 రెట్లు. వెనక గాడిలో ముందు సైట్ కొన ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంటే టార్గెట్ మీద 38 మిల్లీమీటర్లు, దాదాపు నాలుగు సెంటీమీటర్లు పక్కకి పడుద్ది. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, మొత్తం రైఫిల్ చుక్క మీద అటూ ఇటూ ఒక సెంటీమీటరు ఊగుతుంటే, బుల్లెట్ కూడా ఆ సెంటీమీటరే జరుగుద్ది. కాబట్టి ఊగుతుందని కంగారు పడొద్దు, మనుషులం కదా ఊగుతాం, సైట్లు రెండూ ఒకదానికొకటి కుదిరి ఉన్నాయా అన్నదే చూసుకోండి.

అందుకే కంటి చూపు ఫోర్‌సైట్ కొన మీద ఉండాలి, టార్గెట్ మసగ్గా కనపడాలి. బొటనవేలు ముందు పెట్టుకుని దూరంగా కొబ్బరిచెట్టు చూడండి, చెట్టు క్లియర్‌గా ఉంటే వేలు మసక, వేలు క్లియర్ అయితే చెట్టు మసక, రెండూ ఒకేసారి కుదరవు. చివరి క్షణంలో తగులుద్దా లేదా అని ఆశతో చూపు టార్గెట్ మీదికి పోద్ది, ఆ క్షణంలోనే ఫోర్‌సైట్ జారిపోద్ది.

ఊపిరి

మామూలుగా పీల్చి, మామూలుగా వదిలి, వదిలాక వచ్చే చిన్న విరామంలో ఆపండి. బిగపట్టొద్దు, గుండెల నిండా గాలి పట్టుకుని బుగ్గలు ఉబ్బించి కాల్చేవాళ్ళని చూస్తుంటా, గుండె కొట్టుకునేది సైట్ మీద కనపడుద్ది. ఆపిన తర్వాత ఐదారు సెకన్లు, మహా అయితే ఎనిమిది, అంతలోపు ట్రిగ్గర్ పని అయిపోవాలి. కాకపోతే వదిలేసి మళ్ళీ ఊపిరి తీసి మొదటి నుంచి మొదలుపెట్టండి. కాల్చకుండా వదిలెయ్యడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

ట్రిగ్గర్, రూపాయి బిళ్ళ

బాగా పొజిషన్ వచ్చి, గురి వచ్చి, ఊపిరి వచ్చి కూడా ట్రిగ్గర్ దగ్గర పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. టప్‌మని గుంజుతారు. చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పెట్టి, తిన్నగా వెనక్కి, నిదానంగా ఒత్తిడి పెంచుకుంటా పోవాలి, మొదట కొంచెం వదులుగా వస్తది, తర్వాత గట్టిగా తగులుద్ది, అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా. ఎప్పుడు పేలిందో మీకే తెలీనట్టు ఉండాలి. ఇప్పుడు పేలుద్ది అని తెలిస్తే ఒళ్ళు ముందే బిగుసుకుంటది, కన్ను మూసుకుంటది, భుజం ముందుకి తోస్తది, బుల్లెట్ కిందకి పోద్ది.

ఇంట్లో దీనికి బాల్ పెన్ను చాలు, పైన నొక్కితే టక్ మనేది. పిడికిట్లో పెన్ను పడుకోబెట్టి, మొన గోడ మీద ఒక చుక్క వైపు పెట్టి, చూపుడువేలితో బటన్‌ని ఎంత నిదానంగా నొక్కగలరో అంత నిదానంగా నొక్కండి, టక్ మనే క్షణంలో మొన కదలకూడదు. బస్సులో పోతా కూడా చెయ్యొచ్చు.

స్కూల్లో డీపీ రైఫిల్‌తో చేసేది ఇది. ఒక క్యాడెట్ పడుకుని గురి పెడతాడు, జతగాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోర్‌సైట్ వెనక బ్యారెల్ మీద రూపాయి బిళ్ళ పెడతాడు. గుండ్రంగా ఉన్న ఇనుము మీద బిళ్ళ నిలబడ్డమే కష్టం, నాలుగుసార్లు జారి పడుద్ది, ఐదోసారికి నిలబడుద్ది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తా ఉంటారు, వేలు నెమ్మదిగా వెనక్కి పోతా ఉంటది, టిక్. బిళ్ళ చిన్నగా వణికి ఆగిపోతే అది మంచి షాట్. సిమెంటు గచ్చు మీద టంగ్‌మని పడితే గుంజినట్టు. వరండాలో సాయంత్రం పూట ఆ టంగ్ టంగ్ శబ్దాలు మొదటి వారం తెగ వినపడతాయి, మూడో వారానికి తగ్గిపోతాయి, దాన్నిబట్టే నాకు ఎవరు రెడీ అయ్యారో తెలిసిపోద్ది.

ఒక జాగ్రత్త. అసలు .22 రైఫిల్‌ని ఖాళీ ఛాంబర్‌తో ఊరికే టిక్ టిక్ అనిపించొద్దు. ఈ తూటాకి నిప్పు రాజేసే మందు అడుగు అంచులో ఉంటది, అందుకని ఫైరింగ్ పిన్ కొట్టేది కూడా అంచునే, లోపల తూటా లేకపోతే ఆ పిన్ పోయి ఛాంబర్ ఇనుము అంచుకి తగిలి రెండూ పాడవుతాయి. కాల్చేసిన ఖాళీ ఖోకా (తూటా పోయాక మిగిలే ఇత్తడి గొట్టం) ఒకటి లోపల పెట్టి చేయిస్తారు, అది కూడా పీఐ స్టాఫ్ ముందే.

రేంజ్ రోజు

ముందురోజు రాత్రి కబుర్లు ఆపి పడుకోండి. ఎండాకాలం క్యాంపు అయితే మన వైపు రోహిణి కార్తెలో ఎనిమిదింటికే చెమట కళ్ళలోకి కారుద్ది, కాబట్టి పొద్దున్నే మొదటి డీటెయిల్స్‌లో, అంటే ఒకేసారి కాల్చే మొదటి బ్యాచుల్లో, పడితే అదృష్టం. జేబులో చిన్న గుడ్డ పెట్టుకోండి, చేతులు, చెంప ఆనే చోటు తుడుచుకోడానికి. కాస్తేదైనా తిని పోండి, ఖాళీ కడుపుతో చెయ్యి వణుకుద్ది. చెవుల్లో ఇయర్ ప్లగ్స్, లేకపోతే కనీసం దూది, ఈ రైఫిల్ శబ్దం చిన్నదే అంటారు గానీ చెవికి చిన్నది కాదు. పడుకునే ముందు గ్రౌండ్ షీట్ కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి, పల్లేరు కాయ ఒక్కటి మోచేతి కిందకి వచ్చిందంటే మీ ఐదు రౌండ్లూ దానికే పోతాయి.

ఆర్డర్లు హిందీలో వస్తాయి. లేట్ పొజిషన్ అంటే పడుకోవడం, భర్ అంటే లోడ్ చెయ్యడం, ఫైర్ అంటే కాల్చడం, రుక్ జావ్ అంటే ఎక్కడున్నోళ్ళు అక్కడ ఆగిపోవడం, ఖాలీ కర్ అంటే ఖాళీ చెయ్యడం. రుక్ జావ్ అనే మాట ఎవరి నోటి నుంచి వినపడినా, మీకు అర్థం కాకపోయినా, వేలు ట్రిగ్గర్ నుంచి బయటికి రావాలి. ఆర్డర్ అర్థం కాకపోతే పక్కోడిని చూసి చెయ్యొద్దు, చెయ్యెత్తి అడగండి.

పడుకోగానే మొదటి పని, మీ ముందు నెంబరు, టార్గెట్ నెంబరు ఒకటేనా అని వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒక క్యాంపులో మా డీటెయిల్‌ని తొందర తొందర అని అరుస్తా తోశారు, చీకటి పడకముందు అందరిదీ అయిపోవాలని. నేను పడుకుని, కళ్ళు మూసి చూసుకోవడం లేదు, ఏమీ లేదు, అర నిమిషంలో ఐదూ కాల్చేశా. నా టార్గెట్ మీద రెండు బొక్కలు, పక్క టార్గెట్ మీద ఎనిమిది. పక్కన పడుకున్న పిల్లోడు మొదటిసారి కాల్చినోడు, వాడి గ్రూప్ ఏదో వాడికి ఎప్పటికీ తెలీలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. ఎవరు ఎంత తొందరపెట్టినా ఫైర్ అన్న తర్వాత ఆ టైమ్ మీది. ఒక్కో రౌండ్‌కి పొజిషన్, ఊపిరి, సైట్లు, ట్రిగ్గర్, ఇవన్నీ మొదటి నుంచి చేసుకోండి. పేలిన తర్వాత కూడా ఒక సెకను అట్టానే చెంప ఆనించి సైట్లు చూస్తా ఉండండి, వెంటనే తల ఎత్తి టార్గెట్ చూసేవాళ్ళకి ఆ తల ఎత్తే అలవాటు పేలే క్షణంలోకే వచ్చేస్తది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కంగారు పడొద్దు, మజిల్ టార్గెట్ వైపే ఉంచండి, వేలు బయటికి తియ్యండి, చెయ్యెత్తి మిస్‌ఫైర్ అని గట్టిగా చెప్పండి. బోల్ట్ మీరు తెరవొద్దు. కొన్నిసార్లు తూటా ఆలస్యంగా పేలుద్ది, కనీసం అర నిమిషం ఆగి పీఐ స్టాఫ్ వచ్చి తీస్తారు. ఏమైంది సార్ అని రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగేవాళ్ళుంటారు, రేంజ్ మీద అంతకంటే ప్రమాదమైన పని ఇంకోటి లేదు.

అయిపోయాక ఖాలీ కర్, ఛాంబర్ చూపించడం, ఆర్డర్ వచ్చాకే లేవడం. ఖాళీ ఖోకాలు లెక్కపెట్టి తిరిగి ఇవ్వాలి, ఎన్ని రౌండ్లు ఇచ్చారో అన్ని ఖోకాలు వస్తేనే లెక్క తేలినట్టు. గుర్తుగా ఒకటి జేబులో వేసుకోవద్దు, ఆ ఒక్కదాని కోసం మొత్తం క్యాంపు ఎండలో గడ్డి వెతకాల్సి వస్తది.

పేపర్ చదవడం

టార్గెట్ దగ్గరికి పోయాక ఎన్ని తగిలాయి అని కాకుండా ఎట్టా పడ్డాయి అని చూడండి. అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు బొక్కల మధ్య ఎన్ని సెంటీమీటర్లో అదే మీ గ్రూప్ సైజు. ఐదూ పై నుంచి కిందకి నిలువుగా వరసలో ఉంటే ఎక్కువగా ఊపిరి సంగతి, ఒక్కోసారి ఒక్కో చోట ఆపుతున్నారు. అడ్డంగా పరుచుకుంటే మోచెయ్యి కదులుతుందో, ట్రిగ్గర్ పక్కకి లాగుతున్నారో చూసుకోండి. నాలుగు దగ్గరగా ఉండి ఒకటి దూరంగా కిందకి పోతే ఆ ఒక్కటీ గుంజారు, ఏ రౌండో మీకే గుర్తుంటది. మూడు ఒక చోట, రెండు ఇంకో చోట గుంపులుగా ఉంటే మధ్యలో లోడ్ చేసేటప్పుడు చెంపో మోచెయ్యో జరిగింది. ఎక్కడా పద్ధతి లేకుండా చెల్లాచెదురుగా ఉంటే చూపు టార్గెట్ మీద పెట్టి కాల్చారేమో ఆలోచించండి. గాలి అని సాకు చెప్పొద్దు, 25 గజాలకి మన సముద్రపు గాలి చేసేది చానా తక్కువ.

తర్వాత చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. తూటాలో సీసం ఉంటది, ఆ పొడి వేళ్ళకి అంటుద్ది, ఆ చేతులతోనే టిఫిన్ ప్లేటు పట్టుకునేవాళ్ళని చానామందిని ఆపా. రైఫిల్ క్లీనింగ్‌కి పిలిస్తే తప్పించుకోకుండా పోండి, చిందీ గుడ్డ బ్యారెల్ లోంచి నల్లగా వచ్చి, రెండోది బూడిద రంగులో వచ్చి, చివరిది తెల్లగా వచ్చేదాకా చేస్తే రైఫిల్ మీకు ఇంకా బాగా అర్థమవుద్ది.

గ్రూప్ బాగా వస్తుందని మీకూ మీ పీఐ స్టాఫ్‌కీ నమ్మకం కుదిరితే ముందుకి దారులున్నాయి. ఢిల్లీలో జరిగే థల్ సైనిక్ క్యాంపులో (ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ జాతీయ క్యాంపు) ఫైరింగ్ పోటీ ఉంటది, దానికి ముందు సెలక్షన్ క్యాంపులు. జీవీ మావలంకర్ పేరు మీద జరిగే షూటింగ్ పోటీలకి ఎన్‌సీసీ టీములు పోతాయి, ఆయన లోక్‌సభకి మొదటి స్పీకరు, 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదలైంది కూడా ఆయన పూనికతోనే. ఆటగా పోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడతారు, 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి గోల్డ్ వచ్చింది దాంట్లోనే, 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కి బ్రాంజ్ వచ్చిందీ దాంట్లోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. డబ్బు ఖర్చయ్యే ఆట, దాచిపెట్టి లాభం లేదు, కానీ పొజిషన్, ఊపిరి, ట్రిగ్గర్ అక్కడా ఇవే, అవి మీకు ఉచితంగా వచ్చేసి ఉంటాయి.

చివరి పని, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. టార్గెట్ పేపర్ ఇస్తే దాంట్లో అంటించండి, ఇవ్వకపోతే స్కేలుతో ఐదు బొక్కలు గీసుకోండి. తేదీ, టైమ్, రైఫిల్ నెంబరు, గ్రూప్ ఎన్ని సెంటీమీటర్లు, ఏ రౌండ్ దగ్గర ఏమనిపించింది, ఇవన్నీ అదేరోజు రాత్రి క్యాంపులో లైట్లు ఆర్పేలోపు రాయండి, తెల్లారితే మర్చిపోతారు. దాని పక్క పేజీలో బిళ్ళ పడకుండా వరసగా ఎన్నిసార్లు చేశారో రోజూ లెక్క రాసుకోండి. మా స్కూల్లో ఆ లెక్క వరసగా యాభై దాటిన పిల్లల పేర్లే నేను సెలక్షన్‌కి పంపిస్తా.